ఆపే తేదీ లేని బిళ్ళ

మొన్న ఆదివారం సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడ వరండాలో నడక నేర్చుకుంటోంది. ఒక చెయ్యి గోడకు, ఇంకో చెయ్యి ప్లాస్టిక్ కుర్చీ వీపుకు. కుర్చీని జానెడు ముందుకు నెట్టడం, రెండడుగులు వేయడం, ఆగడం. "నేల తెలుస్తోందా పెద్దమ్మా?" అని అడిగాను. "మడమల కింద తెలుస్తోందే. వేళ్ళ కింద మాత్రం ఇంకా దూది పరిచినట్టే ఉంది" అంది. పది నెలల కిందటితో పోలిస్తే ఇది చాలా నయం. అప్పట్లో నడుస్తుండగా చెప్పు జారిపోయి వెనక ఉండిపోయినా ఆవిడకు తెలిసేది కాదు.

ఆవిడ కాళ్ళను ఇలా పాడు చేసింది జింకు బిళ్ళ. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగినా ఇచ్చే మామూలు జింకు బిళ్ళ.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పబట్టి ఇరవై రెండేళ్ళయింది. జింకు, రాగి లాంటి డి-బ్లాకు మూలకాల పాఠం ఏటా చెబుతాను. పెద్దమ్మ ఇంటికి నెలకు రెండుసార్లయినా వెళ్తాను. ఆ బిళ్ళ నా ముందే వేసుకునేది. ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావని ఒక్కసారి అడగలేదు. ఆ బాధ ఒకటి, నాలాగే మరెవరూ అడగలేదన్న కోపం ఒకటి. రెండూ తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. తగ్గలేదు.

నేను చెప్పదలుచుకున్న మాట చిన్నదే. లోహాన్ని మందుగా ఇచ్చే ప్రతి చీటీ మీదా ఆ మందు ఎప్పుడు ఆపాలో రాసి ఉండాలి. ఏళ్ళ తరబడి వాడక తప్పని మందైతే, ఎప్పుడు కొలిచి చూడాలో రాసి ఉండాలి. ఇనుము, జింకు, లిథియం, రాగి, ఏదైనా సరే. ఇంత మామూలు విషయానికి ఇంత పోస్టా అనిపించవచ్చు. మామూలు విషయం కాబట్టే మా ఇంట్లో మూడేళ్ళపాటు ఎవరి కంటికీ ఆనలేదు.

పూతరేకుల డబ్బా

2021 మేలో, కరోనా రెండో విడతలో, పెద్దమ్మకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం రాలేదు. ఫోన్లోనే మందులు చెప్పారు. మా అన్నయ్య కాగితం మీద రాసుకున్నాడు. అందులో జింకు 50 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, 14 రోజులు. ఆ కాగితం కొన్నాళ్ళకు పోయింది. బిళ్ళ పేరు, రోజుకు రెండన్న లెక్క మాత్రం పెద్దమ్మకు గుర్తుండిపోయాయి. 14 రోజులన్న మాట కాగితంతోనే పోయింది.

షీటు అయిపోగానే ఖాళీ రేకు పట్టుకెళ్ళి షాపులో చూపిస్తే ఇంకో షీటు ఇచ్చేవారు. బీపీ బిళ్ళలతోపాటు నెలనెలా అవీ వచ్చేవి. ఎప్పుడన్నా మానేద్దామా అని పెద్దమ్మకు తోచలేదు. ఎందుకు తోచాలి? ఆవిడ దృష్టిలో అవి "బలం బిళ్ళలు".

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. మన ఇళ్ళలో మందులు రెండు రకాలు. జబ్బు బిళ్ళలు, బలం బిళ్ళలు. జబ్బు బిళ్ళంటే భయం ఉంటుంది. వేడి చేస్తుందంటాం, కిడ్నీలు పాడవుతాయంటాం, రెండు రోజులు తగ్గగానే డాక్టరు చెప్పకుండానే మానేస్తాం. బలం బిళ్ళకు ఆ భయం లేదు. అది అన్నం, పాలు, గుడ్డు వరుసలో చేరిపోతుంది. "బలానికి కూడా హద్దేమిటే?" అని తరవాత పెద్దమ్మే నన్ను అడిగింది. ఆవిడ అడిగిన తీరులో తప్పేమీ లేదు. ఐరన్, కాల్షియం, జింకు, అన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. మందుల షాపు అద్దాల అరలో కూడా అవి బలం పొడుల పక్కనే ఉంటాయి.

మూడో ఏడు వచ్చేసరికి ఆయాసం మొదలైంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది. వయసు, తిండి సరిగా తినకపోవడం అన్నారు. ఐరన్ రాశారు. మూడు నెలలు వాడినా అంగుళం కదల్లేదు. ఈలోగా పాదాల తిమ్మిరి. షుగరేమో అని చూశారు, లేదు. బి12 చూశారు, బాగానే ఉంది. అయినా ఇంజక్షన్లు చేశారు. తెల్లకణాలు కూడా తగ్గుతున్నాయి, ఎముక మజ్జ తీసి చూడాలేమో అని ఒకరన్నారు. ఆ మాట విన్న రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. పొద్దున్నే ముఖం కడుక్కునేటప్పుడు సబ్బు నురగకు కళ్ళు మూసుకుంటే చాలు, పెద్దమ్మ పక్కకు ఒరిగిపోయేది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ నిలబడగలదు. మూస్తే పడిపోతుంది. పాదాలు నేల ఎక్కడుందో మెదడుకు చెప్పడం మానేస్తే ఆ పని కళ్ళు చేస్తాయట. కళ్ళు మూశామంటే ఆ ఒక్క ఆధారమూ పోతుంది. ఈ సంగతి సూర్యారావుపేటలోని నరాల డాక్టరుగారు చెప్పారు.

ఆయన స్కాన్లు, రిపోర్టులు అన్నీ చూసి పక్కన పెట్టి ఒక్కటే అడిగారు. "ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీలో ఉన్నవీ లేనివీ, ఒక సంచిలో వేసుకుని రండి." మర్నాడు అన్నయ్య పెద్దమ్మ మందుల డబ్బాను అలాగే తీసుకెళ్ళాడు. ఎప్పుడో ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల డబ్బా అది. డాక్టరుగారు టేబుల్ మీద బోర్లించి ఒక్కొక్క రేకూ తిప్పి చూశారు. జింకు దగ్గర ఆగారు. "ఇది ఎప్పటినుంచి?" అన్నయ్య పెద్దమ్మవైపు చూశాడు. పెద్దమ్మ చాలా మామూలుగా "కరోనా అప్పటినుంచి బాబూ" అంది.

రాగి పరీక్షకు రక్తం పంపారు. బయటి ఊరి ల్యాబ్‌నుంచి రిపోర్టు రావడానికి వారం పట్టింది. జింకు బాగా ఎక్కువ, రాగి ఉండాల్సినదాంట్లో పావువంతు కూడా లేదు.

రెండు లోహాలకు ఒకటే గుమ్మం

జింకు ఎక్కువైతే రాగి ఎందుకు పడిపోతుందో పిల్లలకు ఈ ఏడు పాఠంలోనే చెప్పాను. సిలబస్‌లో లేదు, అయినా చెప్పాను.

పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. జింకు ఎక్కువగా వస్తుంటే ఆ కణాలు ఈ ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. కానీ ఆ ప్రొటీన్ జింకుకంటే రాగినే గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న రాగి రక్తంలోకి వెళ్ళదు, ఆ కణంలోనే ఉండిపోతుంది. పేగు కణాల ఆయుష్షు కొద్ది రోజులే. అవి రాలిపోయినప్పుడు రాగి కూడా వాటితోపాటు బయటికి పోతుంది. రోజూ తిండిలో వచ్చే రాగి రోజూ ఇలాగే పోతుంటే మూడేళ్ళకు ఏం మిగులుతుంది? మనిషి ఒంట్లో మొత్తం రాగే 100 మిల్లీగ్రాముల చిల్లర.

ఇక రక్తహీనత. ఇనుము నిల్వల్లోంచి కదిలి ఎముక మజ్జకు చేరాలంటే రాగి ఉన్న ఎంజైములు కావాలి. సెరులోప్లాస్మిన్ అలాంటిదే. గుంటూరు మిర్చి యార్డు సంగతి తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కోల్డ్ స్టోరేజీ నిండా టిక్కీలు ఉన్నాయి, బయటికి పంపే మనుషులు లేరు. లోపలికి ఇంకో లారీ సరుకు దింపితే ఏం లాభం? పెద్దమ్మకు మూడు నెలలు ఐరన్ పోయడం అదే పని.

లెక్క వేసి చూశాను. రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడేళ్ళంటే 100 గ్రాములు దాటింది. మనిషి శరీరంలో ఎప్పుడు చూసినా ఉండే మొత్తం జింకు 2 గ్రాముల ప్రాంతం. మింగిందంతా ఒంటబట్టదు, నిజమే. ఒంటబట్టకుండా పేగులో ఉన్నదే రాగికి అడ్డం పడింది. పెద్దవాళ్ళు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని పోషకాహార నిపుణులు గీసిన గీత ప్రధానంగా ఈ రాగి కోసమే.

ఇదే జింకు ఇంకో ఇంట్లో ప్రాణం నిలుపుతుంది. విల్సన్ జబ్బు అని ఉంది. 1912లో కినియర్ విల్సన్ వర్ణించాడు. ఆ జబ్బున్న పిల్లల కాలేయం రాగిని బయటికి పంపలేదు. అది కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు ఉంగరంలా కూడా కనిపిస్తుంది. వాళ్ళకు రాగి ఒంటికి అందకుండా అడ్డుకోవడానికి డాక్టర్లు ఇచ్చే మందుల్లో జింకు ఒకటి. మా పెద్దమ్మను కుర్చీకి కట్టేసిన పని, అణువణువూ అదే పని, అక్కడ వైద్యం. తేడా ఏమిటంటే ఆ పిల్లలకు మూత్రంలో రాగి ఎంత పోతోందో కొలుస్తారు, ఆ లెక్కనుబట్టి మోతాదు మారుస్తారు.

కాలేయం విరగ్గొట్టలేనిది

మిగతా మందులకు లేని పట్టింపు లోహాలకు ఎందుకు అని మా తమ్ముడు అడిగాడు. పిన్ని కొడుకు, గుంటూరు కొత్తపేటలో డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాడు. "ఏ మందుకైనా ఆపే తేదీ ఉండాలి కదక్కా, లోహాలకు మాత్రమే ఏంటి ప్రత్యేకం?" అన్నాడు.

ప్రత్యేకం ఉంది. పారాసిటమాల్ వేసుకుంటే కాలేయం దాన్ని రూపం మార్చి మూత్రంలోకి తోసేస్తుంది. రేపటికి ఆ మందు లేదు. ఇనుము పరమాణువును ఏ కాలేయమూ విరగ్గొట్టలేదు. అది ఇనుముగానే వస్తుంది, ఇనుముగానే ఉంటుంది. శరీరం చేయగలిగినవి రెండే: దాచుకోవడం, లేదా బయటికి పంపడం. ఆ పంపే దారి ఒక్కో లోహానికి ఒక్కో వెడల్పు. సోడియానికి, పొటాషియానికి కిడ్నీల్లో రాజమార్గం ఉంది. ఇనుముకు దాదాపు దారే లేదు. చర్మం, పేగు కణాలు రాలిపోవడంతో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతుంది, ఆడవాళ్ళకు నెలసరిలో మరికొంత. అంతకుమించి పంపే ఏర్పాటు మనిషికి లేదు. అందుకే కాపలా అంతా లోపలికొచ్చే చోటే. హెప్సిడిన్ అనే హార్మోను కాలేయంలో తయారై, నిల్వలు చాలనిపించినప్పుడు పేగు దగ్గర తలుపు వేస్తుంది.

ఆ తలుపును దాటించి ఇనుము ఎక్కిస్తే ఏమవుతుందో చూడాలంటే తలసీమియా పిల్లల్ని చూడాలి. నా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి సెలవు అడిగేవాడు. మంచి మార్కులు వచ్చేవి. ఒక యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున అది బయటికి పోవాలంటే ఏడెనిమిది నెలలు పడుతుంది. వాడికి మూడు వారాలకోసారి వస్తోంది. రక్తం ఎక్కించకపోతే బతకడు, ఎక్కించిన ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటే అదీ ప్రమాదమే. అందుకని ఇనుమును పట్టి లాక్కుపోయే మందు రోజూ వేసుకునేవాడు. బ్యాగులో ఒక చిన్న నోటుపుస్తకం, అందులో తేదీలవారీగా ఫెరిటిన్ (ఇనుము నిల్వలను చూపే రక్తపరీక్ష) అంకెలు. పదిహేడేళ్ళ కుర్రాడికి తన ఒంట్లో ఇనుము ఎంతుందో తెలుసు. డెబ్బై దాటిన మా పెద్దమ్మకు తను మింగేది లోహమనే తెలియదు.

"రేపు గర్భిణీ ఐరన్ మానేస్తే?"

తమ్ముడి రెండో అభ్యంతరం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. "అక్కా, నువ్వు ఇలాంటివి రాస్తే చదివినవాళ్ళు ఏం గుర్తుపెట్టుకుంటారో తెలుసా? లోహాలు ప్రమాదం, అంతే. మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ. నేను ఐరన్ రాస్తే మలం నల్లగా వచ్చిందని, మలబద్ధకమని సగంమంది వారానికే మానేస్తున్నారు. జింకు ఎక్కువైనవాళ్ళను నా సర్వీసులో ఇద్దరిని చూశానేమో. ఐరన్ చాలక కాన్పులో చావు అంచుదాకా వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టలేను. నీ పోస్టు చదివి రేపు ఒక గర్భిణీ ఐరన్ మానేస్తే?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాడు చెప్పింది నిజం. భయం ఎంత త్వరగా పాకుతుందో 2020 డిసెంబరులో మనమంతా చూశాం. ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోతున్నారని వార్త. వందలమంది. కొందరిని మన విజయవాడకు తెచ్చారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని తెలియగానే మా వీధిలో కుళాయి నీళ్ళు ముట్టుకోవడానికి భయపడ్డారు. తరవాత దర్యాప్తు పురుగుమందుల అవశేషాలవైపు మళ్ళింది. ఆ మాట మాత్రం సీసం మాటంత గట్టిగా ఎవరికీ గుర్తులేదు. అలాంటి భయం ఐరన్ బిళ్ళమీదికి మళ్ళితే తమ్ముడన్నదే జరుగుతుంది. నేను ఇక్కడ గట్టిగానే రాస్తున్నాను: గర్భిణులు, రక్తం తక్కువని తేలినవాళ్ళు, స్కూల్లో వారం వారం నీలం రంగు బిళ్ళ తీసుకునే ఆడపిల్లలు ఈ పోస్టు చదివి ఒక్క బిళ్ళ కూడా మానకండి.

కానీ ఆ ప్రభుత్వ బిళ్ళల చుట్టూ ఉన్న ఏర్పాటు చూస్తే నాకు నా వాదనే కనిపించింది. గర్భిణికి రోజుకు ఒక బిళ్ళ, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. ఆడపిల్లలకు వారానికి ఒకటే. విరేచనాలు పట్టిన పసిపిల్లకు ఓఆర్ఎస్‌తోపాటు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరునెలల లోపైతే 10, పది నుంచి పద్నాలుగు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో చెప్పిన లెక్క ఇది. ఎంత, ఎన్నాళ్ళు, రెండూ అందులోనే ఉన్నాయి. ఆ లెక్క అంగన్‌వాడీ కార్యకర్తకు నోటికొచ్చు. డబ్బు పెట్టి షాపులో కొనుక్కునే మధ్యతరగతి ఇంట్లోనే అది లేదు.

ఎన్నాళ్ళో తెలిస్తే జనం మానేస్తారని కూడా నేననుకోను. నా క్లాసులో ఒకమ్మాయికి ఐరన్ పడక వాంతి వచ్చేది. రోజు విడిచి రోజు వేసుకోమని డాక్టరు మార్చారు. అలా వేసుకుంటే ఒంటబట్టే పాలు ఎక్కువని స్విట్జర్లాండ్‌లో చేసిన అధ్యయనాలు చెప్పాయి. ఒక మోతాదు పడగానే హెప్సిడిన్ పెరిగి తలుపు వేస్తుంది, మర్నాటికి కూడా పూర్తిగా తెరవదు. ఎందుకో చెప్పేసరికి ఆ అమ్మాయి క్యాలెండర్‌లో గళ్ళు కొట్టుకుని మరీ వేసుకుంది. టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్నదీ పాటించింది.

తమ్ముడు ఇంకోటి అన్నాడు, పరీక్షల ఖర్చు. ఫెరిటిన్, రాగి, జింకు అన్నీ అందరికీ రాయలేమని. ఒప్పుకుంటాను. అందుకే నేను ముందు అడుగుతున్నది తేదీ. తేదీ రాయడానికి పైసా ఖర్చు కాదు.

మోకాలి మీద సుత్తి

లోహాన్ని నమ్మడమంటే ఏమిటో నేను చూసింది గుంటూరులోనే, మా చెల్లెలి కాన్పులో. బీపీ బాగా పెరిగిపోయింది, ఫిట్స్ వస్తాయేమో అని మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు. ముందు 4 గ్రాములు నరానికి నెమ్మదిగా, రెండు పిరుదులకూ చెరో 5 గ్రాములు, ఆ తరవాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు. ఆ ఇంజక్షన్ ఎంత నొప్పో చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది.

నాకు గుర్తున్నది అర్ధరాత్రి రెండు గంటల మోతాదు. సిస్టర్ సిరంజి సిద్ధం చేసి ట్రేలో పెట్టి, జేబులోంచి చిన్న రబ్బరు సుత్తి తీసింది. చెల్లెలి మోకాలు కొంచెం ఎత్తి చిప్ప కింద కొట్టింది. కాలు చిన్నగా ఎగిరింది. చేతి గడియారం చూసుకుంటూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టింది. మంచం కింద సంచిలో మూత్రం ఎంత వచ్చిందో వంగి చూసి రాసింది. అప్పుడు సూది వేసింది. ప్రతి మోతాదుకూ ఇదే వరస, నిద్రమొహాన కూడా ఒక్కటీ తప్పలేదు.

"కాలు ఎగరకపోతే?" అని అడిగాను.

"ఎగరకపోతే వెయ్యనమ్మా. మందు ఎక్కువైందని అర్థం. ఇంకా ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు ఇది వెయ్యాలి" అని ట్రేలో విడిగా పెట్టిన ఒక గాజు ఆంప్యూల్ చూపించింది. కాల్షియం గ్లూకోనేట్. ఒక లోహానికి ఇంకో లోహం విరుగుడు. కాన్పయ్యాక సరిగ్గా 24 గంటలకు మెగ్నీషియం ఆపేశారు. కేసుషీటు మీద ఆ గంట ముందే రాసి ఉంది.

ఈ మందు ఎంత మేలు చేస్తుందో 2002లో వచ్చిన మాగ్‌పై ట్రయల్ తేల్చింది. 33 దేశాల్లో 10,000 మందికి పైగా స్త్రీలు. మెగ్నీషియం అందినవాళ్ళలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఉప్పులాంటి ఒక చౌక పదార్థం ఇన్ని ప్రాణాలు కాపాడుతోందంటే దాని పక్కనే ఆ రబ్బరు సుత్తి కూడా ఉండబట్టే.

లిథియమూ అంతే. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దాన్ని ఉన్మాదానికి వాడి చూపించాడు. ఇప్పటికీ బైపోలార్ జబ్బుకు దానికి సాటి వచ్చే మందులు తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీమోల్ దాకా ఉంటే మందు, 1.5 దాటితే విషం. ఆ రెండింటి మధ్య ఎడం అంతే. రిటైరైన ఒక మాస్టారు నాకు తెలుసు, పాతికేళ్ళుగా లిథియం మీద నిబ్బరంగా ఉన్నారు. వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద రీడింగుల కాగితం అంటించి ఉంటుంది. కిడ్నీ లిథియాన్ని సోడియంలాగే చూస్తుంది. చెమటపట్టి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీ సోడియాన్ని పట్టి ఉంచుకుంటుంది, దానితోపాటు లిథియాన్ని కూడా. మన బెజవాడ మే నెల ఎండలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఆయన ఏప్రిల్ నుంచి నీళ్ళ సీసా చేతిలో పట్టుకునే తిరుగుతారు. ఉన్నట్టుండి ఉప్పు తగ్గించరు. మోకాలి నొప్పికి షాపువాళ్ళిచ్చే బిళ్ళ వేసుకోరు, ఆ నొప్పి బిళ్ళల్లో చాలావాటికి లిథియాన్ని పెంచే గుణం ఉంది.

క్యాన్సర్‌కు ఇచ్చే సిస్ప్లాటిన్ గురించి కూడా రాయాలని ఉంది గానీ పోస్టు పెరిగిపోతోంది. ప్లాటినం మందు ఎక్కించే ముందూ తరవాతా అన్ని సీసాల సెలైన్ ఎందుకని విసుక్కునేవాళ్ళకు ఒక్క మాట: అది కిడ్నీలను కాపాడటానికి.

మండలం

మా మామయ్య ఈ గొడవంతా విని, "ఇదంతా ఇంగ్లీషు మందులతో వచ్చిన తంటా. మన భస్మాలు చూడు, ఎంత హాయిగా ఉంటాయో" అన్నారు. ఆయనతో నేను ఒప్పుకోను. పాదరసాన్ని ఎన్ని పుటాలు పెట్టినా పాదరసం పరమాణువు మారదు. 2004లో బోస్టన్ ప్రాంతంలోని షాపుల్లో దొరికే, మన ఉపఖండంలో తయారైన 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికాయి. ఎవరి చేతిలో తయారైనా కొలత కొలతే.

కానీ మామయ్య మాటల్లో నాకు పనికొచ్చేది ఒకటి దొరికింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి వైద్యుడు మందిస్తే "ఒక మండలం వాడి నా దగ్గరికి రా" అనేవాడట. మండలమంటే నలభై రోజులంటారు కొందరు, నలభై ఎనిమిదంటారు కొందరు. ఎంతైనా హద్దు ఉంది. ఆపే రోజు ఉంది, మళ్ళీ వచ్చి చెయ్యి చూపించుకోవాల్సిన రోజు ఉంది. పథ్యం ఉంది. ఆ మందులో ఏముందో అన్న అనుమానం నాకు ఎప్పటికీ ఉంటుంది గానీ, మండలం అన్న మాట మీద మాత్రం నాకు గౌరవం కలిగింది. ఆపే తేదీ అడగడం మనకు పరాయిదేమీ కాదు.

ఇంకొక పాత జాగ్రత్త కూడా గుర్తొచ్చింది. తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ళింటికి ఏడాదికోసారి కళాయి వేసేవాడు వచ్చేవాడు. ఇత్తడి గిన్నెను కొలిమి మీద ఎర్రగా కాల్చి, నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పుమనేది, ముక్కు మండిపోయేది. ఆ పొగలోనే తగరం ముక్క ముట్టించి గుడ్డతో గిరగిరా రుద్దేవాడు. గిన్నె లోపల వెండిలా మెరిసేది. కళాయి పోయిన గిన్నెలో అమ్మమ్మ చారు పెట్టనిచ్చేది కాదు. చింతపండు పులుపుకు రాగి దిగుతుంది, "చిలుం" ఎక్కుతుందని ఆవిడకు తెలుసు. ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పాలు కాచి పసిపిల్లలకు పట్టడానికీ, ఆ రోజుల్లో పిల్లల ప్రాణాలు తీసిన ఒక కాలేయ జబ్బుకూ సంబంధముందని 1980ల్లో పుణె డాక్టర్లు చూపించారు. గిన్నెలు మారాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

పెద్దమ్మకు రాగి తక్కువని తెలియగానే మా వాళ్ళంతా రాగి సీసాలు కొనిచ్చారు. మూడు సీసాలు వచ్చాయి. డాక్టరుగారు వద్దనలేదు, కాని దాన్ని మందుగా లెక్కపెట్టొద్దన్నారు. సీసాలోంచి నీళ్ళలోకి ఏరోజు ఎంత దిగుతుందో ఎవరికి తెలుసు? అసలు జింకు ఆపకుండా ఎంత రాగి పోసినా పేగులోనే చిక్కుకుపోతుంది.

వచ్చే నెల 18

జింకు ఆపారు. రాగి బిళ్ళలు మొదలుపెట్టారు. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది, తెల్లకణాలు సర్దుకున్నాయి. రక్తం తొందరగా కోలుకుంటుంది, నరాలు అలా కావు, పూర్తిగా రావచ్చు రాకపోవచ్చు అని డాక్టరుగారు ముందే చెప్పారు. పది నెలలకు మడమలు వచ్చాయి. వేళ్ళ సంగతి చూడాలి. ముఖం కడుక్కునేటప్పుడు ఇప్పుడు ఒక చేత్తో సింకు పట్టుకుంటుంది.

ఆదివారం నేను బయల్దేరబోతుంటే పెద్దమ్మ పూతరేకుల డబ్బా తెమ్మంది. ఇప్పుడందులో మూడే రకాల మందులున్నాయి. రాగి బిళ్ళల సీసా నా చేతికిచ్చి, "ఇవి ఎప్పటిదాకా వేసుకోవాలే?" అంది.

చీటీ తీసి చూశాను. రోజుకు ఒకటి అని ఉంది. ఎన్నాళ్ళో లేదు. ఆదివారమైనా క్లినిక్ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి డాక్టరుగారిని కనుక్కుని గంటలో తిరిగి చేసింది. వచ్చే నెల 18న రాగి, జింకు రెండూ మళ్ళీ చూసి చెబుతాం, అప్పటిదాకా వాడమనండి అంది. పెద్దమ్మ మనవడి మార్కర్ పెన్ను తీసుకుని సీసా మూత మీద పెద్ద అంకెలతో 18 అని రాశాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "మిగతావాటి మీద కూడా రాసి వెళ్ళు" అని డబ్బా నా ఒళ్ళో పెట్టింది.